వాసన చూడకుండా పూలదండ కట్టడం ఎలా

మా పెరుమాళ్ళ కోవెల్లో గోష్టి ముగిశాక తీర్థం ఇచ్చే వరసలో నాది మూడో చోటు. మా నాయనదీ అదే, మా తాతదీ అదే. మొదటి తీర్థం ఒక ఇంటివాళ్ళకు, రెండోది ఇంకో ఇంటివాళ్ళకు, ఆ తరవాత మేము. ఆ వరస ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పుదుచ్చేరి పక్క రెడ్డియార్‌పాళయంలో మా పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అంగళ్ళయ్యాయి, ఆ వరస మాత్రం కదలలేదు. మూడో ఉద్ధరిణెలో పడేదీ అవే నీళ్ళు, అదే తులసి, అదే పచ్చకర్పూరం. తెలుసు. తెలిసినా నా చెయ్యి చాపే ముందు నా కళ్ళు ఆ ఇద్దరి చేతుల మీదికి పోయేవి.

గోష్టి అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుంటాం. ఈ వరస ఆళ్వార్ల తమిళ పాశురం ఎత్తుకుంటే ఆ వరస అందుకుంటుంది. ఎవరైనా ఒక పదం తప్పు పలికితే ఆపి సరిదిద్దే పద్ధతి లేదు. ఆ పదం మళ్ళీ వచ్చినప్పుడు ఎదుటి వరస దాన్ని కాస్త గట్టిగా, సరిగ్గా పలుకుతుంది. తప్పు పలికినవాడికి అర్థమవుతుంది. పక్కవాడికి తెలియను కూడా తెలియదు. నేను చదువుకున్న బడులన్నిటిలోనూ మంచి బడి అదే. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే అయినా మా వాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. వ్యాఖ్యానాలు చదవాలని మా తాత నాకు నేర్పించాడు కాబట్టి ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

మా ఇంటికి ఇంకొక కైంకర్యం ఉంది. శనివారం స్వామికి వేసే దండ మేమే కడతాం. తలస్నానం చేసి, తువ్వాలు ముక్కుకు అడ్డంగా కట్టుకుని, నానబెట్టిన అరటినారతో కడతాం. దేవుడికి పోయే పూల వాసన మనం ముందు పీల్చకూడదు. మా ఇంట్లో పిల్లలకు పూలు ముట్టుకోవడం కంటే ముందు ఇది నేర్పుతారు. నందివర్ధనం మొగ్గలు, తులసి, మరువం నా చేతిలో ఎన్నివేల సార్లు నలిగి ఉంటాయో. నేను కట్టిన దండ వాసన ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు.

నేను ఒక ప్రైవేటు బడిలో సైన్సు పంతులుని. రెండువేల అయిదు తరవాత ఏదో ఏడు, ఇత్తడి కుందులకు పట్టిన చిలుము వదిలే మార్గం వెతుకుతూ కోసపాళయంలో ఒక బ్రౌజింగ్ సెంటర్‌కి పోయాను. ఏ పని ఎలా చేయాలో వరసగా చెప్పే ఇంగ్లీషు వ్యాసాల సైటు ఒకటి కనబడింది. కుంది తోమడం గురించి అందులో రాసినట్టు చేస్తే ఇత్తడి నల్లబడి ఊరుకుంటుంది. ఎవరు రాశారా అని చూస్తుంటే పైన మార్చడానికి ఒక మీట ఉంది. నొక్కితే ఆ వ్యాసమంతా రాతకు తెరుచుకుంది. చింతపండు, ఉప్పు, మెత్తని గుడ్డ అని రాసి భద్రం చేశాను. నువ్వెవరు, ఏ ఊరు, ఏం చదివావు అని ఎవరూ అడగలేదు.

బయటికి వచ్చి సైకిల్ తాళం తీస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను. ప్రపంచంలో ఎవరైనా సరే ఇక ఇత్తడిని నా మాట ప్రకారం తోముతారు.

అప్పటినుంచి సాయంత్రం బడి వదిలాక అక్కడికే పోయేవాణ్ణి. దాసుడు అని పేరు పెట్టుకున్నాను. మాలో తన గురించి తాను చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు అలా అనడం రివాజు. పత్తి వత్తి చేయడం, కుండీలో తులసి పెంచడం, రాగి చెంబులో నీళ్ళు నిలవ ఉంచడం, ఒక్కొక్కటే రాశాను. నేను రాసినదాన్ని తెల్లారేసరికి ఎక్కడివాడో ఒకడు సరిచేసేవాడు. అది నచ్చింది. నేను ఎత్తుకున్న పాశురాన్ని ఎదుటి వరస అందుకున్నట్టు ఉండేది. ఇంకొకటి కూడా నచ్చింది. ఎందరు దిద్దినా, వ్యాసం కింద పేర్ల వరసలో మొదలుపెట్టినవాడి పేరే ముందు ఉండేది. అక్కడ నాది మొదటి చోటు.

ఆ సైటు ముఖద్వారంలో ఏ రోజుకారోజు ఒక మంచి వ్యాసాన్ని ఎంచి పెట్టేవాళ్ళు. నావి ఒక్కటీ అక్కడికి ఎక్కలేదు. రోజూ ముందు అదే చూసేవాణ్ణి.

అలా ఉండగా మా బావమరిది యానాం నుంచి వచ్చాడు. నా భార్యది యానామే. ఆమె తమ్ముడికి పుదుచ్చేరిలో ఏదో సర్కారు ఆఫీసుకి బదిలీ అయింది. గది దొరికేదాకా మా ఇంట్లోనే అన్నారు. వచ్చేటప్పుడు ఒక కంప్యూటరు తెచ్చుకున్నాడు, మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు.

"ఏంటి బావగారూ, రోజూ కోసపాళయం వెళ్తున్నారంట. అక్క కంగారు పడుతోంది."

"ఏంది కంగారు? యాడికీ పోలేదు, వ్యాసాలు రాస్తుండా."

"వ్యాసాలు రాయడానికి పరదాలున్న గదిలో కూర్చోవాలా?"

నా భార్య వంటింట్లోంచి నవ్వింది. నిరూపించుకోవడానికి ఆ సైటు తెరిచి చూపించాను. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చదివాడు. తనకూ ఒక ఖాతా తెరవమన్నాడు. నేనే తెరిచాను. పేరు ఏం పెట్టాలంటే పులస అన్నాడు. గోదావరిలో దొరికే చేప.

"కొంచెం మర్యాదైన పేరు పెట్టుకోరాదా?"

"దాసుడు ఖాళీ లేదు కదండీ."

అతని మొదటి వ్యాసం, ముళ్ళ చేపను గొంతులో ముల్లు గుచ్చుకోకుండా తినడం ఎలా. రాసింది ఎంత? నేను గోళ్ళు తీసుకునేంత సేపు. ఆ నెలలోనే అది ముఖద్వారం ఎక్కింది. ఎవరెవరో వచ్చి అద్భుతం పులసా, నవ్వించావు పులసా అని రాసి పోయారు. మా ఇంట్లో చేప ముట్టం. నా పూజగదికి ఆనుకుని ఉన్న గదిలో కూర్చుని, ఎడమచేత్తో జంతికలు తింటూ, అతను ఆ పొగడ్తలు వాళ్ళక్కకి చదివి వినిపించాడు. ఆమె యానాం వదిలాక మొదటిసారి చేప గురించి అంత సంతోషంగా మాట్లాడింది. నేను పొద్దున వాడిన పూజ సామాను మళ్ళీ తోముతూ అంతా విన్నాను.

నా ఇంగ్లీషు ల్యాబ్ రికార్డుల ఇంగ్లీషు. నార నానబెట్టబడవలెను అన్నట్టు ఉంటుంది. అతనిది నానబెట్టు అన్నట్టు ఉంటుంది. తేడా అంతేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అతని వ్యాసం చదువుతుంటే చేప చేతిలో ఉన్నట్టుండేది. అది నాకు కనబడకపోయి ఉంటే బాగుండేది.

అప్పుడు దండ గురించి రాయాలని నిర్ణయించుకున్నాను. నా దగ్గర ఉన్నవాటిలో అంతకంటే విలువైనది లేదు. తాత చేతినుంచి నాయన చేతికి, నాయన చేతినుంచి నా చేతికి వచ్చింది. ఇది ముఖద్వారం ఎక్కాలి, నా పేరుతో ఎక్కాలి. అంతకు మించి ఆ సైటునుంచి నాకేమీ వద్దనిపించింది.

పదిహేను రోజులు రాశాను. మొదట స్నానం చేయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పూలు వాసన చూడరాదు, వాటి పరిమళం ముందు భగవంతుడిది. తరవాత నార చీల్చడం, నానబెట్టడం, కాడలు ఎదురెదురుగా పెట్టడం, రెండు చుట్లు చుట్టి మెలిక వేసి లాగడం. ఎక్కడా ఒక్క అడుగు వదలలేదు.

మూడు రోజులకు, వ్యాసాలు పరిశీలించే ఆమె ఒకరు మొదటి అడుగులు తీసేశారు. ఇది అన్ని మతాలవాళ్ళూ చదివే చోటు, విశ్వాసాలు వదిలి పని మాత్రమే చెప్పండి అని మర్యాదగా రాశారు. ఆ మర్నాడు ఇంకెవరో ఒక చిట్కా చేర్చారు. పూలు తాజావో కావో తెలియాలంటే ఒక్కొక్కటీ వాసన చూసి ఎంచుకోండి.

నేను రాసిన దండలో, నా పేరు కింద, ప్రతి పువ్వూ వాసన చూడమని.

చిట్కా తీసేసి నా అడుగులు తిరిగి పెట్టాను. వాళ్ళు మళ్ళీ తీశారు. మళ్ళీ పెట్టాను. చివరికి, ఈ లాగులాట ఆపకపోతే వ్యాసానికి తాళం వేస్తామని సందేశం వచ్చింది. ఆ రోజు అన్నం సగంలో లేచాను.

"ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద అన్నం మానేస్తారేంటండీ?" అంది నా భార్య.

"స్వామి విషయం ఇది."

"స్వామి విషయమా, మీ విషయమా? పేరేమో దాసుడు, కోరికేమో మొదటి తీర్థం."

ఆమె కంచం తీసి, అందులో మిగిలిన అప్పడం తమ్ముడికి ఇచ్చింది.

మర్నాడు ఆదివారం. బావమరిది మధ్యాహ్నం బయట చేపల పులుసు తిని వచ్చాడు. వాసన నాకు తెలుస్తూనే ఉంది. నేరుగా పోయి కంప్యూటరు ముందు కూర్చుని, కాసేపటికి రమ్మని పిలిచాడు. వాసన చూసి ఎంచుకోమన్న చిట్కా లేదు. దాని చోట ఒక కొత్త మాట ఉంది. పూలను ముక్కుకు దూరంగా ఉంచండి, ఊపిరి వేడికి రేకులు త్వరగా వాడిపోతాయి.

"ఇది యాడ చదివినావు?"

"ఎక్కడా చదవలేదు."

"అయితే అబద్ధం గదా."

"మీరు సైన్సు పంతులు, మీరే చెప్పండి. ఊపిరి వేడిగా ఉండదా?"

"ఉంటాది."

"వేడికి పూలు వాడవా?"

"వాడతాయి."

"రెండూ నిజాలే బావగారూ. పక్కపక్కన కూర్చోబెట్టాను, అంతే."

సాయంత్రానికే పరిశీలకురాలి దగ్గరినుంచి కబురు. చాలా ఉపయోగపడే సలహా, ధన్యవాదాలు పులసా. ఫోటోలు కూడా పెడితే ఈ వ్యాసాన్ని ముఖద్వారానికి తీసుకుంటాం, ఈలోగా దీనిమీద మళ్ళీ లాగులాట లేకుండా చూడండి.

నేను నిజం రాస్తే తీసేశారు. చేప తిన్న నోటితో అతను అల్లిన కారణానికి ధన్యవాదాలు. దేవుడిమీద కోపం రాలేదు. అతనిమీద వచ్చింది.

ఫోటోలకు చేతులు నావే కావాల్సి వచ్చాయి, అతనికి ముడి రాదు. ముంగిట్లో వెలుతురులో కూర్చోబెట్టి ఒక్కొక్క మెలిక దగ్గరా ఆపమన్నాడు. "చెయ్యి కొంచెం పక్కకి... ఆ, అలా ఉంచండి. మొహం అలా పెట్టకండి, మొహం పడదులెండి." తువ్వాలు కట్టుకోలేదు. అది కెమెరా కోసం కట్టిన దండ, స్వామికి పోయేది కాదు. అయినా ఊపిరి బిగబట్టే కట్టాను. అలవాటు.

అయిపోగానే అతను దండ చేతిలోకి తీసుకుని ముక్కు నిండా పీల్చాడు.

"అబ్బ. ఇన్నేళ్ళూ దీన్ని వదులుకున్నారా బావగారూ? మీరూ చూడండి, దీనికి దోషం లేదుగా."

దోషం లేదు. చూడాలని ఉంది కూడా. కానీ అతను చూసిన తరవాత, అతను ఇస్తే చూడటమా? వద్దన్నాను. నా భార్య అందులో మూర తెంపి తల్లో పెట్టుకుంది.

ఆ శనివారం, స్వామి మెడలో దండ ఎలా ఉంటుందో కూడా ఒక ఫోటో ఉంటే బాగుంటుందని అతను కోవెలకి వచ్చాడు. లోపల తీయనివ్వరు, బయటి మండపంలో ఉత్సవమూర్తికి ఒకటి తీయనిచ్చారు. మొదటి తీర్థం అందుకునే పెద్దాయన అప్పటికే మా ఇంటి ఆడవాళ్ళ ద్వారా సంగతంతా విన్నాడు.

"ఏంది సామీ, మన దండ దేశాలు పోతా ఉండాదంట?" అని నన్ను అడిగాడు.

"అవును సామీ, రాసినాను."

"ఈ బిడ్డ రాసినాడని చెప్పినారే."

"ఇద్దరం రాసినాము" అన్నాను. గొంతులోనుంచి ఆ మాట చేప ముల్లులాగే వచ్చింది.

గోష్టి ముగిసింది. అర్చకస్వామి తీర్థం గిన్నె ఎత్తగానే పెద్దాయన అన్నాడు, "దూరం నుంచి వచ్చిన బిడ్డ. ఈ పొద్దు ఆయనకి ముందియ్యండి."

మా బావమరిదికి కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి పట్టాలని కూడా తెలియదు. ఒంటి చెయ్యి చాపాడు. పెద్దాయనే అతని చెయ్యి సరిచేసి పట్టాడు. జుర్రున తాగి, తడిచెయ్యి తలకు రాసుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. తరవాత పెద్దాయన. తరవాత రెండో ఇంటాయన. ఆ రోజు నాది నాలుగో తీర్థం.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని అతను అడిగాడు, "ముందు నాకెందుకు ఇచ్చారు బావగారూ? ఏదైనా మొక్కా?"

"కాదు. అలవాటు లేనోళ్ళకి ముందిస్తారు" అన్నాను.

వ్యాసం ముఖద్వారానికి ఎక్కే వారం వచ్చింది. బడికి సెలవు. అతను ఆఫీసుకి పోయాడు. నేను కంప్యూటరు ముందు కూర్చుని వ్యాసాన్ని రాతకు తెరిచాను. ఊపిరి వేడి అన్న వాక్యాన్ని చెరిపాను. భద్రం చేసే మీట దగ్గర, ఎందుకు మారుస్తున్నారు అని అడిగే చిన్న గడి ఉంటుంది. అందులో, నిజం కాదు కాబట్టి, అని కొట్టాను. నొక్కితే లాగులాట మళ్ళీ మొదలు. ముఖద్వారం పోతుంది. అతనికీ పోతుంది, నాకూ పోతుంది. అతనికి పోవడం నాకు బాధగా లేదు.

అదే నన్ను ఆపింది. ఆ వాక్యం పులస కాకుండా దాసుడే అల్లి, ధన్యవాదాలు దాసుడికే వచ్చి ఉంటే, నిజం కాదు కాబట్టి అని చెరిపేవాణ్ణా? అసూయ ఉన్నవాడికి ఈ రహస్యం చెప్పవద్దని భగవంతుడు గీతలో చెప్పిన చోటు ఒకటుంది. చిన్నప్పుడు ఆ శ్లోకం అప్పజెప్పేటప్పుడు, పాపం ఎవడా దౌర్భాగ్యుడు అనుకునేవాణ్ణి.

వంటింట్లో నా భార్య తిరగమోత వేసింది. చెరిపిన వాక్యాన్ని తిరిగి తెచ్చాను. అతని సగం అతనిది. దాని పక్కన నా సగం రాశాను, కాస్త గట్టిగా, కానీ ఎవరినీ ఆపకుండా. మా ఊళ్ళో ఈ దండను దేవుడి కోసం కట్టేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. ఆ వాసన ముందు ఆయనకు చేరాలని వాళ్ళ నమ్మకం. చేయండి, చేయరాదు అని కాకుండా, మా వాళ్ళు ఇలా చేస్తారు అని రాయడం పులస వ్యాసాల్లో చూసి నేర్చుకున్నదే. మా గోదావరి జిల్లాల్లో అయితే, అని మొదలుపెట్టేవాడు. ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అతని దగ్గర నేర్చుకోవాల్సి రావడం, నాలుగో తీర్థం కంటే చేదుగానే ఉంది. భద్రం చేశాను.

ఆ వాక్యాన్ని ఎవరూ తీయలేదు. రోజూ చూశాను. వ్యాసం ముఖద్వారం ఎక్కింది. పేర్ల వరసలో దాసుడు ముందున్నాడు. పొగడ్తలు రాసేవాళ్ళు ఆ వరస చూడరు, ఫోటోలు పెట్టినవాడి పేజీకి పోతారు. అన్నీ పులసకే వచ్చాయి. ఆ చేతులు ఎంత అందంగా ఉన్నాయి పులసా, అని కూడా ఒకరు రాశారు.

తరవాత కొన్నాళ్ళకు అతనికి యానాం తిరిగి బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు కంప్యూటరు మాకే వదిలేశాడు. ఇల్లు నిశ్శబ్దమయింది. నిశ్శబ్దం నాకు హాయిగానే ఉంది, నా భార్యకు లేదు.

ఒక శనివారం పొద్దున, పూలబుట్ట ముందేసుకుని కూర్చోబోతుంటే ఫోను మోగింది.

"బావగారూ, మీకొక ఉత్తరం వచ్చింది. సైట్లో పొరపాటున నా గుమ్మంలో పడింది."

"చదువు."

చదివాడు. ఏదో చలిదేశం నుంచి ఒకామె రాసింది. వాళ్ళమ్మ పోయింది. శవపేటిక మీద పెట్టడానికి మా వ్యాసం చూసి దండ కట్టిందట. అరటినార దొరక్క దారంతో కట్టిందట. కడుతున్నంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకుందట. మా ఇంట్లో దేవుడు లేడు కానీ ఆ వాసన ముందు అమ్మకు చేరాలనిపించింది, అని రాసింది. ధన్యవాదాలు పులసా.

ఈసారి అతను తమాషా చేయలేదు.

"ఊపిరి వేడి సంగతి ఆవిడ ఎత్తనే లేదండి. ఆవిడ పట్టుకున్నది మీ వాక్యాన్ని. మా బావగారిది అని జవాబు రాయనా?"

ఎవరిదైతే ఏంలే, అనాలి. దాసుడన్నవాడు అనాల్సిన మాట అదొక్కటే. నోటిదాకా వచ్చింది కూడా.

"రాయి" అన్నాను.

అతను నవ్వాడు. "ఇప్పుడే రాస్తాను, ఉండండి."

మరుసటి శనివారం మళ్ళీ ఫోను చేసి ఆమె పంపిన జవాబు చదివి వినిపించాడు. ఇలాంటి చోటు నడుపుతున్నందుకు ఆ సైటుకు ధన్యవాదాలు చెప్పింది. మంచి ఫోటోలకు పులసకు చెప్పింది. తరవాత, దాసుడు గారికి కూడా, అని రాసింది.

ఫోను పెట్టేశాను. నా భార్య నానిన నార గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది.

"అందిందా తీర్థం?"

"అందింది. మూడోదే."

ఆమె ఇంకేదో అడగబోతూ నా మొహంలోకి చూసింది. నేను అప్పటికే తువ్వాలు ముక్కు మీదుగా కట్టుకుంటున్నాను. కళ్ళు తప్ప ఆమెకేమీ కనబడి ఉండదు. బుట్టలోంచి రెండు మొగ్గలు తీసి కాడలు ఎదురెదురుగా పెట్టాను.